డూప్ గుట్టు 14వ పేజీలోనే విప్పాం: ఒక రోడ్ మూవీ స్క్రిప్ట్ మరమ్మతు

ఈ కేసులో పాత్రల వివరాలు, దారి, కొన్ని సంఘటనలు గుర్తుపట్టకుండా మార్చి రాస్తున్నాం. సన్నివేశాల క్రమం, పేజీల లెక్క, ఒక్కో నిర్ణయం వెనకున్న ఆలోచన మాత్రం ఉన్నవున్నట్టే ఉంచాం. రోడ్ మూవీ (ప్రయాణం మీదే నడిచే సినిమా) రాసేవాళ్లకూ ఎడిట్ చేసేవాళ్లకూ విడివిడిగా ఎదురయ్యే చిక్కులు ఇందులో ఒక్కచోటే పోగుపడ్డాయి.

నేపథ్యం

చేతికొచ్చింది 128 పేజీల డ్రాఫ్ట్. రచయితే దర్శకుడు. కథ ఇది: తమ్ముడు పోయాక అతని పాత కారును దూరాన ఉన్న కొనుగోలుదారుకు అప్పగించడానికి అక్క ఒంటరిగా బయల్దేరుతుంది. దారిలో బండి చెడిపోయి నిలబడ్డ ఒక నడివయసు మనిషిని ఎక్కించుకుంటుంది. అతను ఒక స్టార్ గాయకుడి వేషం కట్టి, అదే గొంతుతో స్టేజీల మీద పాడి బతికే మిమిక్రీ ఆర్టిస్టు. ఆ సంగతి ఆమెకు చెప్పడు. ఎక్కడికో సంగీతం పాఠాలు చెప్పడానికి వెళ్తున్నానంటాడు. సినిమా ముగియవస్తుండగా అసలు గాయకుడు చనిపోయాడని వార్త వస్తుంది.

కథలో బలం ఉంది. ఒకరికి నిజమైన చావు, ఇంకొకరికి ఎన్నడూ కలవని మనిషి చావు. పక్కపక్క సీట్లలో రెండు రకాల దుఃఖం. అయినా డ్రాఫ్ట్ చదువుతుంటే 100 పేజీలు దాటేదాకా ఆ బలం కనబడదు. సమస్యల్లా అదే.

చదివినప్పుడు తేలిన సమస్యలు

మొదటి లెక్క పేజీలతో వేశాం. కారు కదిలేది 31వ పేజీలో. ఆర్టిస్టు కనిపించేది 34లో. అతని గుట్టు బయటపడేది 63లో. స్టార్ చనిపోయేది 101లో. అంటే సినిమాకు ప్రాణమైన పరిస్థితి, ఇద్దరూ దుఃఖంలో ఉండి ఒకే కారులో వెళ్లడం, చివరి 27 పేజీల్లో మాత్రమే ఉంది. అంతకుముందున్న వంద పేజీలూ దానికి ఉపోద్ఘాతం.

రెండో సమస్య గుట్టు. 63వ పేజీదాకా ప్రేక్షకుడికి కూడా అతను పాఠాలు చెప్పే మాస్టారే. కానీ పోస్టర్ మీద, ట్రైలర్‌లో, సినిమా గురించి రాసే ఒక్క వాక్యంలో కూడా అతను డూప్ అని చెప్పక తప్పదు, ఎందుకంటే టికెట్ కొనిపించేది ఆ సంగతే. తెలిసి వచ్చిన ప్రేక్షకుడు గంటసేపు పాత్ర కంటే ముందు నడుస్తూ కూర్చుంటాడు. దాచిన విషయం దాగదు, పైగా దాచినందుకు విసుగు పుడుతుంది.

మూడోది దుఃఖాన్ని పేర్చిన తీరు. దారిలో ఐదు మజిలీలు, ఐదింటికీ ఐదు భావాలు: నమ్మకపోవడం, కోపం, బేరమాడటం, కుంగుబాటు, ఒప్పుకోలు. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో చెప్పిన ఆ ఐదు దశలు మరణం దగ్గరపడ్డ రోగులతో మాట్లాడి రాసినవి, పోగొట్టుకున్నవాళ్లను చూసి కాదు. తర్వాతే వాటిని అందరి దుఃఖానికీ అంటగట్టారు. ఆ తేడా ఎలా ఉన్నా, స్క్రీన్‌ప్లేకు జరిగే నష్టం వేరే ఉంది. రెండో మజిలీలో ఆమె వస్తువు విసిరికొట్టగానే నాలుగో మజిలీలో మంచం దిగదని ప్రేక్షకుడు లెక్క కట్టేస్తాడు.

నాలుగోది కారు. కదిలే కారులో మాటలే 46 పేజీలు. దీని సంగతి కింద విడిగా ఉంది, ఎందుకంటే డబ్బూ రోజులూ ఎక్కువగా ఖర్చయ్యేది అక్కడే.

ఇవి కాక ఒక చిన్న లొసుగు కూడా ఉంది. చనిపోయిన మనిషి పేరిట ఉన్న కారును తాళం చేతిలో ఉన్నంత మాత్రాన అమ్మలేం. మరణ ధ్రువపత్రం, వారసులెవరో చూపే కాగితం అడుగుతారు. డ్రాఫ్ట్‌లో కొనుగోలుదారు తాళం తీసుకుని డబ్బు ఇచ్చేస్తాడు. తర్వాత ఈ లొసుగులోంచే మంచి సీన్ ఒకటి వచ్చింది.

ముందుగా చేసి చూసినవి

రచయితకు గుట్టు మీద మమకారం. దాన్ని కదపకుండానే సినిమాను నిలబెట్టగలమా అని ముందు చూడటం న్యాయం, ఎందుకంటే రచయిత మనసులో కథ ఎక్కడ పుట్టిందో దాన్ని మొదటి రోజే తీసేస్తే మిగతా సలహాలు చెవికెక్కవు. అందుకని గుట్టును 63 నుంచి 40వ పేజీకి జరిపి, మొదటి 31 పేజీల్ని 12కు కుదించాం. టేబుల్ రీడింగ్‌లో (అందరూ కూర్చుని స్క్రిప్ట్ పైకి చదివినప్పుడు) వేగం పెరిగింది గానీ సమస్య పోలేదు. గుట్టు బయటపడ్డ సీన్ తర్వాత అక్కకు చేయడానికి ఏమీ లేదు. "ఎందుకు అబద్ధం చెప్పారు?" అని అడగడం, అతను గతం చెప్పుకోవడం, ఆమె క్షమించడం, ఇంతే. మూడూ మాటలే. గుట్టు విప్పిన ప్రతి సీనుకూ ఈ గతే పడుతుంది: బయటపడిన క్షణం బలంగా ఉంటుంది, దాని వెంటే రెండు మూడు పేజీల సంజాయిషీ వస్తుంది.

రెండో ప్రయత్నం స్టార్‌ను నిజమైన గాయకుడిగా మార్చడం. అందరికీ తెలిసిన మనిషి అయితే పరిచయానికి పేజీలు ఖర్చు కావన్నది నిర్మాత వాదన. అందులో నిజముంది. కానీ మూడు అడ్డంకులు కనిపించాయి. పాటల హక్కులు మొదటిది. సినిమాలో పాత పాట వాడాలంటే రెండు వేర్వేరు అనుమతులు కావాలి: సాహిత్యం, బాణీ ఉన్నవాళ్లది ఒకటి, ఆ రికార్డింగ్ ఉన్నవాళ్లది ఒకటి. నటుడి చేత మళ్లీ పాడిస్తే రెండోదాని అవసరం తప్పుతుంది గానీ మొదటిది తప్పదు. రెండో అడ్డంకి గొంతు. 1988లో అమెరికాలో బెట్ మిడ్లర్ కేసులో, ప్రకటన కోసం ఆమె గొంతును వేరొకరి చేత కావాలని అనుకరింపజేయడం తప్పేనని అప్పీలు కోర్టు చెప్పింది. కథాచిత్రానికి ప్రకటనకున్నంత చిక్కు ఉండకపోవచ్చు. అయినా ఇదే సినిమా ట్రైలర్, పోస్టర్ ప్రకటనలే కదా. మూడోది అన్నిటికన్నా పెద్దది, అది నటనకు సంబంధించింది. నిజమైన స్టార్ అయితే ప్రేక్షకుడు ప్రతి షాట్‌లోనూ నటుణ్ణి ఆ స్టార్‌తో పోల్చుకుంటాడు. పాత్ర మంచి డూప్ కాదన్నది కథకు అవసరమైన చోట కూడా, నటుడు సరిగా చేయలేదని అనుకుంటాడు. రెండింటికీ తేడా చూపే దారి లేదు.

కాబట్టి గాయకుడు కల్పితుడే అని తేలింది. అప్పుడు వచ్చిన ప్రశ్న: లేని మనిషిని లోకమంతా ఎరిగిన మనిషిగా పదిహేను నిమిషాల్లో ప్రేక్షకుడికి ఎలా నమ్మించడం?

పని చేయనివి

మొదట అందరూ చేసేదే చేశాం. సినిమా మొదట్లో పాత వార్తల క్లిప్పులు, అభిమానుల గుంపు, పత్రికల హెడ్‌లైన్లు కలిపి రెండు నిమిషాల మాంటేజ్. చదివినప్పుడు బాగుంది. కథకు మాత్రం చేటు చేసింది. ప్రేక్షకుడు అసలు మనిషిని ముందు చూశాక డూప్ ఎంత బాగా చేసినా నాసిరకమే అనిపిస్తుంది. పైగా అక్క కథ మొదలుకావలసిన చోట గాయకుడి కథ మొదలవుతుంది.

ఐదు దశలు తీసేశాక వాటి బదులు జ్ఞాపకాల సీన్లు పెట్టాలని రచయిత అన్నారు. తమ్ముడితో చిన్నప్పటి సంగతులు, ఆరు ఫ్లాష్‌బ్యాకులు. ఇవి రోడ్ మూవీకి బ్రేకుల్లాంటివి. ముందుకు వెళ్లడమే రూపంగా ఉన్న సినిమాలో ఒక్కో ఫ్లాష్‌బ్యాకూ కారును ఆపేస్తుంది. అంతకన్నా ముఖ్యం, తమ్ముణ్ణి తెర మీద చూపిస్తే ప్రేక్షకుడికి ఆమెతో సమానంగా అతను తెలిసిపోతాడు. తెలియనప్పుడు ఆమె చెప్పే ప్రతి ముక్కా విలువైనది. ఆరూ పోయాయి.

అన్నిటికన్నా ఎక్కువ కుస్తీ పట్టించింది గొంతు సీన్. డూప్ పాత్ర, తమ్ముణ్ణి పోగొట్టుకున్న అక్క. ఎవరు రాసినా ఒకచోట ఆమె "మా తమ్ముడిలా మాట్లాడండి" అని అడిగి తీరుతుంది. డ్రాఫ్ట్‌లోనూ ఉంది. ఆర్టిస్టు కళ్లు మూసుకుని తమ్ముడి గొంతుతో రెండు వాక్యాలు మాట్లాడతాడు, ఆమె ఏడుస్తుంది. ఎన్నడూ వినని గొంతు ఎలా వచ్చింది? మిమిక్రీ మంత్రం కాదు, దానికి నమూనా కావాలి. రెండో రూపంలో ఫోన్‌లో మిగిలిన వాయిస్ మెసేజ్ వినిపించి చేయించాం. లాజిక్ కుదిరింది. రీడింగ్‌లో మాత్రం వింటున్నవాళ్లు కుర్చీల్లో ఇబ్బందిగా కదిలారు, ఒకరిద్దరు నవ్వారు. కారణం స్పష్టమే. ఆ సీన్‌లో పనంతా ఆర్టిస్టుదే, ఆమె ఊరికే వింటోంది. దుఃఖం ఎవరిదో వాళ్లు ప్రేక్షకురాలిగా మిగిలారు. పైగా నకలు ఎంత బాగుంటే అంత వికారంగా ఉంటుంది.

సొంత గొంతు ముగింపు గురించి కూడా చెప్పాలి. స్టార్ సంస్మరణ సభలో ఆర్టిస్టు విగ్గు తీసి, మొదటిసారి తన గొంతుతో పాడతాడని రాశారు. అందరికీ నచ్చింది, అదే అనుమానం కలిగించింది. ఆ ముగింపు చెప్పేదేమిటంటే ఇన్నేళ్లూ అతను చేసింది నటన, ఇప్పుడే నిజం అని. వేషం కట్టి బతికేవాళ్ల పనిని అది చిన్నచూపు చూస్తుంది. అతను నిజంగా బాగా చేయగలిగిన పని అనుకరణే. ఆ రోజు దాన్ని వదిలేయడమెందుకు?

పని చేసినవి

ముందుగా గుట్టు ఎత్తేశాం. 11వ పేజీలో ఆర్టిస్టు కనిపిస్తాడు, 14లో వెనక సీట్లోని సంచిలోంచి విగ్గు జారి పడుతుంది, "మీరు ఫలానా ఆయన డూపా?" అని ఆమె మొహమాటం లేకుండా అడుగుతుంది. "రేటు బట్టి" అంటాడు. ఒకే పేజీలో పని అయిపోయింది. స్టార్ మరణాన్ని 101 నుంచి 52వ పేజీకి, కుదించిన 104 పేజీల స్క్రిప్ట్‌కు సరిగ్గా మధ్యకు తెచ్చాం. ఈ రెండు మార్పులతో ప్రేక్షకుడి ప్రశ్న మారిపోయింది. "ఇతనెవరు?" అన్నది పోయి "ఇప్పుడు ఇతనేమవుతాడు? ఇతణ్ణి చూస్తూ ఈమె ఏమవుతుంది?" అన్నది వచ్చింది. మొదటి ప్రశ్నకు ఒక్క జవాబే ఉంటుంది, అది చెప్పగానే అయిపోతుంది. రెండోది యాభై పేజీలు నడుస్తుంది.

మధ్యలో చావు పెట్టడంలో ఇంకో లాభం రాశాకే పూర్తిగా తెలిసింది. వార్త రాగానే ఆర్టిస్టు ఫోన్ మోగుతూనే ఉంటుంది. సంస్మరణ కార్యక్రమాలకు పిలుపులు, రేటు మూడింతలు. దారిలో దిగిన ప్రతిచోటా జనం అతని చేయి పట్టుకుని ఏడుస్తారు. 1956లో డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ టీవీ, రేడియో మనుషులతో ప్రేక్షకులు పెంచుకునే ఒకవైపు సాన్నిహిత్యం గురించి రాసింది ఇలాంటి బంధం గురించే. అది ఉత్తుత్తి బాధేమీ కాదు, సినిమా దాన్ని వెక్కిరించకూడదని ముందే అనుకున్నాం. దాని పక్కన అక్కను నిలబెడితే చాలు. ఆమెను ఎవరూ పరామర్శించరు. తోబుట్టువు పోయినప్పుడు జనం అడిగేది "అమ్మానాన్నా ఎలా ఉన్నారు?" అనే. లోకం గుర్తించని ఇలాంటి దుఃఖానికి 1989లో కెన్నెత్ డోకా ఒక పుస్తకమే కేటాయించారు. మా కథలో పరామర్శలన్నీ తప్పు మనిషికి అందుతున్నాయి. ఇది డైలాగుతో చెప్పనక్కర్లేదు, ఫ్రేములో ఇద్దరుంటే కనిపిస్తుంది.

దీనికోసం తమ్ముడు పోయి ఎంతకాలమైందో మార్చాల్సి వచ్చింది. డ్రాఫ్ట్‌లో మూడు వారాలు. మూడు వారాలకు ఇంకా ఫోన్లు వస్తుంటాయి, పరామర్శలు అందుతుంటాయి. 14 నెలలు చేశాం. అప్పటికి అడిగేవాళ్లు ఆగిపోయి ఉంటారు. ఇక్కడ ఒక జాగ్రత్త: 2022లో సవరించిన అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ ప్రకారం పెద్దవాళ్లలో ఏడాది దాటాకే దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత అన్న నిర్ధారణ గురించి ఆలోచిస్తారు. 14 నెలలు ఆ గీత దాటిందే. అందువల్ల ఆమె పని చేసుకుంటోంది, నవ్వుతోంది, తింటోంది అని మొదటి పది పేజీల్లో స్పష్టంగా చూపించాం. రోగిగా కనిపిస్తే ప్రేక్షకుడు ఆమెకు చికిత్స ఎప్పుడా అని ఎదురుచూస్తాడు, కథ ఇంకోటైపోతుంది.

ఐదు దశల స్థానంలో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో చెప్పిన పద్ధతిని వాడుకున్నాం. పోగొట్టుకున్నవాళ్లు ఒకసారి నష్టం వైపు, ఒకసారి బతుకు పనుల వైపు ఊగుతుంటారని, ఆ ఊగడమే మామూలని వాళ్ల మాట. సీన్ల జాబితాలో ఒక్కోదాని పక్కన "న" లేదా "ప" అని రాశాం. వరసగా మూడు "న"లు వస్తే ఒకటి తీసేశాం లేదా మధ్యలో టైరు మార్చడం, బిల్లు కట్టడం లాంటి పని పెట్టాం. కొన్ని సీన్లలో ఊపు సగంలోనే మారుతుంది. ఆమె టైరు మారుస్తూ నవ్వుతుంది, జాకీ తమ్ముడిదని గుర్తొస్తుంది, అయినా టైరు బిగించక తప్పదు. ఆ సీన్ మొత్తం పేజీలో ఎనిమిదింట ఐదు వంతులు.

కల్పిత స్టార్‌ను నమ్మించడానికి మాంటేజ్‌కు సరిగ్గా ఎదురు పని చేశాం: అసలుకంటే నకలు ముందు. గాయకుడికి మూడు గుర్తులు తయారు చేశాం. పల్లవి ముందు చిటికెన వేలితో మైకు తీగను పక్కకు తప్పించడం, చివరి మాటకు ముందు గట్టిగా వినిపించే ఊపిరి, చప్పట్లకు ఎడమ భుజం మీదుగా వెనక్కి చూడటం. ఈ మూడింటినీ మొదటి 30 పేజీల్లో ఆర్టిస్టు, దారిలో కలిసిన పిల్లాడు, ఒక తాగుబోతు, ముగ్గురూ వేర్వేరు నాణ్యతలో చేస్తారు. అందరూ ఒకేదాన్ని అనుకరిస్తున్నారంటే అసలు ఉందని ప్రేక్షకుడు తనంతట తనే నమ్ముతాడు. అసలు గాయకుడు తెర మీద కనిపించేది ఒక్కసారి, 80వ పేజీలో, హోటల్ గదిలోని టీవీలో, ఇరవై సెకన్లు. అందులో రెండో గుర్తు లేదు. ఊపిరి అంత గట్టిగా తీయడు. ఆర్టిస్టు ఏళ్ల తరబడి పెంచి చూపించాడన్నమాట. మంచి మిమిక్రీలో ఒక లక్షణాన్ని అసలుకన్నా పెద్దది చేయడం మామూలే. దాని గురించి ఎవరూ ఒక్క మాట కూడా అనరు, అతను మాత్రం టీవీ ముందు నుంచి కదలడు.

పాటలు రెండు రాయించి, బాణీ కట్టించి, రికార్డింగ్ హక్కులతో సహా నిర్మాణ సంస్థ పేరిటే ఉంచాం. ఒక్కోటి రెండుసార్లు రికార్డ్ చేశాం. స్టార్ రూపం పాత రికార్డింగ్‌లా పైస్థాయి, కిందిస్థాయి ధ్వనులు తగ్గించి. ఆర్టిస్టు రూపం రెండు సెమీటోన్లు కింది శ్రుతిలో, వేగం మార్చకుండా. వేగం కూడా తగ్గించి చూశాం, విషాదంగా వినిపించింది. అతని గొంతు తగ్గిందే గానీ మనిషి నీరసించలేదు కదా.

గొంతు సీన్ చివరికి కుదిరింది ఇలా. 70వ పేజీలో ఆమె అడుగుతుంది. అతను చేయలేనంటాడు, సెంటిమెంటుతో కాదు, పనివాడిగా: చూడని మనిషిని చేయలేను, వివరాలు కావాలి. అడగడం మొదలుపెడతాడు. నడిచేటప్పుడు బరువు మడమ మీదా, వేళ్ల మీదా? వాక్యం మధ్యలో ఊపిరి తీస్తాడా, చివర్లోనా? కోపం వస్తే గొంతు పెరుగుతుందా, తగ్గుతుందా? నవ్వే ముందు చేతులు ఎక్కడుంటాయి? 14 నెలలుగా తమ్ముడి గురించి ఒక్క వాక్యం పూర్తి చేయని మనిషి వరసగా జవాబులు చెబుతుంది. కొన్ని మాటల్లో రావు. "చూపించండి" అంటాడు. ఆమె లేచి పార్కింగ్ స్థలంలో తమ్ముడిలా నడుస్తుంది. "కుడి భుజం ఇంకాస్త కిందికి అన్నారు ఇందాక" అని దిద్దుతాడు. ఆమె మళ్లీ నడుస్తుంది. అతను చివరిదాకా అనుకరించడు. దుఃఖం అనే మాట సీన్‌లో లేదు, మొత్తం సాంకేతిక ప్రశ్నలే. పని చేయడానికి కారణం అదే: ప్రశ్నలు ఎంత పొడిగా ఉంటే జవాబు చెప్పడం ఆమెకు అంత తేలిక.

సంస్మరణ సభలో ఆర్టిస్టు తన జీవితంలోకెల్లా మంచి అనుకరణ చేస్తాడు, డబ్బు లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకుంటాడు. కెమెరా ఎక్కువసేపు ఉండేది జనంలో నిలబడ్డ అక్క మీద. పక్కనున్న ముసలామె "నీకూ తట్టుకోలేకుండా ఉందా అమ్మా?" అంటుంది. "పద్నాలుగు నెలలైంది" అంటుంది అక్క. ముసలామెకు అర్థం కాదు, అయినా వీపు నిమురుతుంది. మొదటి పరామర్శ ఆమెకు పొరపాటున అందింది.

కారు అమ్మే సీన్‌లో ఇందాకటి లొసుగు పనికొచ్చింది. కాగితాల మీద "చనిపోయిన యజమానికి మీరేమవుతారు?" అన్న గడి ఉంటుంది. దాన్ని ఆమె నింపుతుంది. డ్రాఫ్ట్‌లో ఉన్నట్టు చివరి నిమిషంలో మనసు మార్చుకుని కారుతో వెళ్లిపోవడం తీసేశాం. ఒప్పుకున్న పని పూర్తి చేయడం ఈ పాత్రకు ఎక్కువ నప్పుతుంది.

కారు: 46 పేజీల నుంచి 21కి

కారులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఒకరినొకరు చూసుకోనక్కర్లేదు. కష్టమైన మాటలకు అది అనువైన చోటు, కాబట్టి రచయితలు అన్నీ అక్కడే పెడతారు. తెర మీద మాత్రం ఆరో కారు సీనుకు అదే ఫ్రేము, అదే వెలుతురు. మేం పెట్టుకున్న నియమం: ప్రతి కారు సీనులోనూ కారుకు సంబంధించి ఒక్కటైనా మారాలి. ఎవరు నడుపుతున్నారు, ఎవరు ఏ సీట్లో, ఏ అద్దం దిగి ఉంది, ఏ భాగం చెడింది. ఒక కాగితం మీద సీట్ల పటం గీసి సీన్ల వారీగా నింపాం. పటంలో మార్పు లేని సీన్లన్నీ బయటికి పోయాయి, లేదా పెట్రోలు బంకు, గ్యారేజీ లాంటి చోట్లకు మారాయి. మిగిలింది 9 సీన్లు, 21 పేజీలు.

ఇందులో సగం షూటింగ్ కోసం తీసుకున్న నిర్ణయాలే. అద్దం దింపి ఉంటే గాలి హోరులో మాట బతకదు. సన్ వైజర్‌లో మైకు దాచినా అంతే. అద్దాలు దింపిన సీన్లన్నీ మాటల్లేనివిగా రాశాం. మాటలున్నవి అద్దాలెక్కించి, ఏసీ ఆపి, నటులు నడపక్కర్లేకుండా కారును తక్కువ ఎత్తు ట్రైలర్ మీద ఎక్కించి తీశారు. ముందు అద్దంలో ఆకాశం ప్రతిబింబం తగ్గించడానికి లెన్సుకు పోలరైజర్ అనే ఫిల్టర్ వాడతారు. అద్దానికి లంబంగా గీసిన గీత నుంచి సుమారు 56 డిగ్రీల కోణంలో అది బాగా పనిచేస్తుంది, బదులుగా ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు పోతుంది (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది). సాయంత్రం సీన్లలో ఆ నష్టం భరించలేం. పైగా పక్క, వెనక అద్దాలు టెంపర్డ్ గ్లాస్ (వేడితో గట్టిపరిచిన గాజు) కావడంతో పోలరైజర్‌లోంచి చూస్తే రంగు మచ్చలు కనిపిస్తాయి. అందుకే సాయంత్రం సీన్లలో ముందు అద్దంలోంచి షాట్లే రాయలేదు. సూర్యుడు దిగాక వాడుకోదగ్గ వెలుతురు చాలాచోట్ల అరగంటకు మించదు కాబట్టి డ్రాఫ్ట్‌లోని నాలుగు పేజీల సంధ్యవేళ సంభాషణను పేజీన్నరకు కుదించి, మిగతాది రాత్రికి మార్చాం.

ఆర్టిస్టు కోటు విషయం స్క్రిప్ట్ దశలోనే తేల్చుకోవడం మంచిదైంది. సినిమా వరస తప్పి తీస్తారు, కోటు మాత్రం వరసగా మాసిపోవాలి. నాలుగు స్థాయిల మురికితో నాలుగు కోట్లు, ఒక్కో సీన్ నంబరు పక్కన ఏ కోటో. విగ్గుకూ చెంప వెంట్రుకలకూ అదే పట్టిక. ఎండలో, చెమటకు జిగురు వదిలేస్తుంది. దాన్ని వాడుకోవాలనుకున్న సీన్లకు గుర్తుపెట్టి మిగతా వాటికి మేకప్ వాళ్లకు విడిగా సమయం అడిగాం.

ఎడిటింగ్ టేబుల్ మీద

షూటింగ్ స్క్రిప్ట్ 104 పేజీలు. పేజీకి నిమిషం అన్న లెక్కన గంటా నలభైనాలుగు నిమిషాలు రావాలి. రఫ్ కట్ (మొదటి కూర్పు) 131 నిమిషాలొచ్చింది. రోడ్ మూవీలో ఈ లెక్క ఎప్పుడూ మోసం చేస్తుంది. "కారు మైదానం దాటుతుంది" అన్న ఒక్క వాక్యం తెర మీద నలభై సెకన్లు. ఈ తేడాను ముందే ఊహించి స్క్రిప్ట్‌లో మాటల్లేని ప్రయాణ వాక్యాలకు విడిగా సెకన్లు వేసుకోవాలి.

కోత మొదట ప్రయాణం షాట్ల మీద పెట్టలేదు. మాటలున్న సీన్ల చివర్లు కత్తిరించాం. దాదాపు ప్రతి సీనూ తన చివరి రెండు డైలాగులు లేకుండా నిలబడింది. రెండోది దిశ. కారు తెర మీద ఎడమనుంచి కుడికి వెళ్లాలని షూటింగ్‌లోనే పెట్టుకున్నాం, అక్క ఒక్కసారి వెనక్కి మళ్లినప్పుడు మాత్రం కుడినుంచి ఎడమకు. రఫ్ కట్‌లో నాలుగు షాట్లు దిశ తప్పాయి, అందంగా ఉన్నాయని పెట్టేశారు. చూసినవాళ్లు కథ ఎందుకు మళ్లీ మొదటికొచ్చినట్టుందో చెప్పలేకపోయారు. నాలుగూ తీసేశాక ఆ మాట మళ్లీ వినబడలేదు.

టెంప్ మ్యూజిక్ (ఎడిటింగ్‌లో తాత్కాలికంగా వేసుకునే సంగీతం) విషయంలో గట్టిగానే ఉండాల్సి వచ్చింది. పేరున్న విషాద గీతాలు వేసి కట్ చేస్తే సీన్ నిలబడిందో పాట నిలబెట్టిందో తెలియదు. కారు సీన్లన్నీ ఇంజిను చప్పుడుతోనే కట్ చేయించాం. 9లో 7 అలాగే మిగిలాయి, వాటికి నేపథ్య సంగీతం చివరిదాకా వేయలేదు. సినిమా 101 నిమిషాల దగ్గర ఆగింది.

ఈ కేసు నుంచి తీసుకోదగ్గవి

గుట్టు మీద నడిచే స్క్రిప్ట్ ఎదురైనప్పుడు ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. గుట్టు విప్పిన సీను తర్వాతి పది పేజీలు మాత్రమే చదవాలి. పాత్రలు పని చేస్తుంటే గుట్టు అక్కడ ఉండొచ్చు. సంజాయిషీలు చెప్పుకుంటుంటే దాన్ని ముందుకు తేవాలి, ఎంత ముందుకంటే సంజాయిషీ అవసరం లేనంత.

దుఃఖం సీనుకు పాత్ర వృత్తిలోంచి దారి వెతకడం ఈ కేసులో ఎక్కువ ఫలితమిచ్చింది. ఇక్కడ మిమిక్రీ అడిగే ప్రశ్నలు. దర్జీ అయితే కొలతలు, మెకానిక్ అయితే బండి ఎలా నడిపేవాడన్న ఆరా. వృత్తి ప్రశ్న పొడిగా ఉంటుంది, జవాబులో మనిషి బయటికొస్తాడు. ఇది ప్రతి సినిమాలోనూ ఒక్కసారికి మించి చేయకూడదు, రెండోసారికి ఉపాయం తెలిసిపోతుంది.

నకలును అసలుకన్నా ముందు చూపడం కల్పిత ప్రముఖులకే పనికొస్తుంది. స్టార్ నిజమైనవాడైతే, అందులోనూ బతికున్నవాడైతే ఈ పద్ధతి పనిచేయదు. ప్రేక్షకుడి తలలో అసలు ఎప్పటినుంచో ఉంటుంది. అలాంటి స్క్రిప్ట్ వస్తే మొదటి సమావేశానికే హక్కుల లాయరును పిలవాలి, స్టార్ మరణం మీద నిలబడే ఏ సన్నివేశాన్నీ ఆయన చూడకముందు రాయించకూడదు.